ఇద్దరి మధ్య మాట

వనపర్తిలో డిగ్రీ పిల్లలకు నేను మాండలిక శాస్త్రం చెబుతాను. ఇంగ్లీషులో డయలెక్టాలజీ అంటారు. ఏటా మొదటి పాఠం ఆ మాట పుట్టుక గురించే. మన మాండలికం మండలంలోంచి వచ్చింది, అంటే ఒక ప్రాంతపు పలుకు. ఇంగ్లీషు మాటకు మూలం గ్రీకులో ఉంది. అక్కడ దానికి మొదట్లో ప్రాంతంతో పనే లేదు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, అంతే. ఫలానా సీమవాళ్లు మాట్లాడే తీరు అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ఈ ముక్క చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మా అమ్మా పెద్దమ్మా పాన్‌గల్‌లో ఒకే ఇంట్లో పుట్టారు. ఒకటే యాస, తిట్లు కూడా అవే. కానీ ఇద్దరికీ మాటల్లేవు.

అమ్మమ్మ పోయినప్పుడు కోడేరులో ఉన్న పెద్దమ్మకు కబురు ఆలస్యంగా అందింది. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. కావాలనే చెప్పలేదని ఆమె, వెంటనే మనిషిని పంపానని అమ్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడంలో అక్కాచెల్లెళ్లు ఒకరిని మించి ఒకరు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఒకరికొకరు చెప్పాల్సింది పక్కనున్న గోడకు చెప్పేవాళ్లు.

మొన్న చలికాలంలో అమ్మ మంచాన పడింది. దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "మా అక్కతోని ఒక్కపారి మాట్లాడి పోత," అంది. వేరే కోరికేమీ లేదు. నేను కోడేరు పోయాను.

పెద్దమ్మ బర్రెకు గడ్డి వేస్తోంది. ఉన్నదంతా చెప్పి బతిమాలాను. ఆమె నావైపు చూడకుండా బర్రెతోనే అంది. "మా అమ్మ పోయిన్నాడు నాకు ఆఖరి సూపు లేకపాయె. గది జర అడుగు, వీళ్లమ్మను."

అడగడానికి బర్రెకు నోరుంది, నీకు లేదా అని అరిచాను. పెద్దదానితో అలా అనకూడదు, అయినా అన్నాను. ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను. అవతల అమ్మ అక్కా, అక్కా అంటోంది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది తప్ప పలకలేదు. అంత ఏడుపు దాచుకుని ఒక్క మాటకు అంత పిసినారితనం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

నేను బండెక్కబోతుంటే వెనకాలే వచ్చింది. "ఫోన్ల ఏం మాట్లాడుత? రేపు పొద్దుగాల వస్త. మొకం జూసి మాట్లాడుత," అంది. ఆ మాట చెబితే అమ్మ తల దువ్వించుకుంది.

తెల్లవారకముందే ప్రాణం పోయింది. కబురు మొదట కోడేరుకే చేశాను.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పలుకుతారేమోనన్న ఆశతో అక్కడ పోయినవాళ్లను చెవిలో మూడుసార్లు పిలుస్తారు. కొడుకును కనుక నేను వంగాను. పెద్దమ్మ నన్ను పక్కకు జరిపి మట్టిలో కూర్చుంది.

"చెల్లె, నేనే. వచ్చిన."

మూడుసార్లూ అదే అంది. తర్వాత తన చెవి తీసుకొచ్చి అమ్మ నోటికి ఆనించింది. పాడె ఎత్తాలని మోసేవాళ్లు తొందరపెట్టారు. ఆమె లేవలేదు.