బిందె నిండే చప్పుడు

నాకు సంగీతం రాదు. పాడటం రాదు, వాయించటం రాదు, రాగాల పేర్లు అసలే తెలియవు. వినటం మాత్రం వచ్చు. అది ఎవరు నేర్పారని అడిగితే, ఆ నేర్పినవాడికి నేనేం చేశానో కూడా చెప్పుకోవాలి. అందుకే ఇన్నేళ్లూ ఆ ఊసెత్తలేదు.

డెబ్భైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో, లాల్‌దర్వాజాలో ఒక ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. నేను ప్రభుత్వ కార్ఖానాలో ఫిట్టర్ని. అదే ఇంటి వెనక గదిలో పెళ్లిళ్ల బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించే ఆయన ఒంటరిగా ఉండేవాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు వేసుకుని ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేవాడు. పాట ఎత్తుకునేది ఆయనే. వెనకున్న పన్నెండు మందీ ఆయన ఎత్తుకున్నాకే అందుకునేవారు.

మొదట్లో నాకు ఆయనంటే ఒళ్లు మంట. షిఫ్టు చేసొచ్చి నడుం వాల్చానో లేదో, గోడవతల పీ పీ మొదలయ్యేది. ఒకరోజు కొట్లాటకే వెళ్లాను.

"ఏందన్నా ఈ లొల్లి? గా ఒక్క పాట ఎన్నిసార్లు వాయిస్తవ్?"

ఆయన క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని పకపకా నవ్వాడు. "ఒక్క పాటనా? నాలుగు పాటలు వాయించిన తమ్మీ. నీకు నాలుగు ఒక్క తీరుగనే ఇనబడ్డయా?"

నిజంగా అలాగే వినబడ్డాయి. నా చెవికి సంగీతమంటే పప్పూ కూరా పచ్చడీ కలిపి పిసికేసిన ముద్ద. అందులో ఏదేమిటో తెలిసేది కాదు.

మర్నాడు పొద్దున నల్లా వచ్చే వేళకు నన్ను వాకిట్లో కూర్చోబెట్టాడు. నల్లా కింద ఇత్తడి బిందె పెట్టి, "కండ్లు మూస్కో. బిందె నిండుతున్నదంటె చెప్పు" అన్నాడు. నేను చెప్పేలోగా నీళ్లు పొర్లి నా లుంగీ తడిసింది. మా ఆవిడకు కోపమొచ్చింది. "నీళ్లన్ని మోరీల పోస్తున్రు ఇద్దరు గల్సి. గిదేం సంగీతం!" నాలుగు రోజులు అదే వరస. అయిదో రోజు తెలిసింది. అడుగున బొంగురుగా మొదలైన చప్పుడు సన్నబడుతూ, సన్నబడుతూ పైకెక్కి, బిందె మెడ దగ్గర కీచుమంటుంది. "నిండింది!" అని అరిచాను.

"గదే తమ్మీ! పైకి వోయింది సూడు, గదే స్వరమంటె. ఇంగ అంతకన్న ఏం లేదు."

అంతకన్నా ఉంది. తలుపు మీద పుల్లతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తాళం కొడుతూ, "ఒకటి యాడ వడ్తున్నదో పట్టుకో, తతిమ్మవి అవే వస్తయి" అనేవాడు. ఊరేగింపు వెళ్తుంటే పాట మొత్తంలో క్లారినెట్‌ను వదిలేసి ఒక్క పెద్ద బూర వెంటే పొమ్మనేవాడు. ఏడాది పట్టింది. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే మా వీధిలో మేళం ఎదురైంది. ఉన్నట్టుండి అన్నీ విడివిడిగా వినబడ్డాయి. బూర కింద ఏదో గొణుగుతోంది, డోలు దానికి ఊ కొడుతోంది, ఆ రెంటి మీదా మా అన్న క్లారినెట్ తిరుగుతోంది. సైకిల్ పట్టుకుని నడివీధిలో నిలబడిపోయాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అరే భాయ్, హటో!" అని వెనక రిక్షావాడు తిడుతున్నా కదల్లేదు.

ఆ సంగతి చెబితే ఆయన నవ్వలేదు. నోరు తెరిచి చూపించాడు. పైవరసలో ముందుపన్ను ఒకటి ఊడిపోయింది. పక్కది కదులుతోంది.

"పన్ను లేకుంటె పట్టు ఉండదు. పట్టు లేకుంటె స్వరం కిందికి జారుతది. పక్కన డోలు మోగుతుంటె నాది నాకే ఇనబడది. మేళంల ఎవ్వన్నడిగినా బ్యాండు నడిపే మాస్టరుకు చెప్తరు. నువ్వు బయటోనివి. జారినట్టు ఇనబడ్డనాడు నాకు చెప్పు, నాకొక్కనికే. గప్పుడు నేనే తప్పుకుంట, ఇజ్జత్ తోటి."

"ఒట్టు అన్నా" అన్నాను. నిజంగానే ఒట్టు పెట్టాను.

మా కార్ఖానాలో ఒకాయన కూతురి పెళ్లి మలక్‌పేటలో జరిగింది. దానికి మా అన్న మేళాన్ని కుదిర్చింది నేనే. పొద్దున ఎదురుకోళ్లప్పుడు మగపెళ్లివారికి ఎదురెళ్లి వాయించారు. అయ్యాక షామియానా కింద చాయ్ తాగుతుంటే మేళం మాస్టరు వచ్చి, "ఎట్లుంది సాబ్ మా బ్యాండు?" అని అందరినీ అడిగాడు. పైఆఫీసర్లున్నారు, నా తోటివాళ్లున్నారు. అందరూ మస్తుందన్నారు. నేనూ ఆ ఒక్క మాట అని ఊరుకోవచ్చు కదా! లేదు. నాకు తెలుసని నలుగురికీ తెలియాలి.

"మంచిగుంది మాస్టరూ. కాని క్లారినెట్ పైకి పోయేకాడ జెర జారుతున్నది. బిందె నిండుతదనుకుంటె మెడకాడ ఆగిపోయినట్టు."

"వాహ్! నీకు గివన్ని ఎట్ల తెలుసయ్యా?" అన్నాడు మా ఆఫీసరు. నేను పొంగిపోయాను. మాస్టరు మాత్రం నవ్వకుండా నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. తిరిగి చూస్తే అన్న నిలబడి ఉన్నాడు, చేతిలో చాయ్ గ్లాసుతో.

వారం తిరక్కుండా ముందు వరసలోకి ఓ కొత్త కుర్రాడొచ్చాడు. అన్నను చివరి వరసకు పంపి చేతుల్లో తాళానికి ఊపే గిలక్కాయలు పెట్టారు. ఏమీ రానివాళ్లకు ఇచ్చే పని అది. కోటు మాత్రం అదే ఎర్రకోటు.

గదికి వెళ్లి, "నోరు జారిన అన్నా" అన్నాను.

"నీ చెవి మంచిగనే ఇన్నది తమ్మీ. నేనే నేర్పిన గద." క్లారినెట్‌ను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, "నాకు చెప్తవనుకున్న" అన్నాడు. చెప్పు తీసుకుని కొట్టినా నాకు హాయిగా ఉండేది. ఆ తర్వాత గోడవతల పీ పీ వినబడలేదు. మా ఆవిడ కూడా, ఇల్లు బోసిగుందని అన్నది.

మరి కొన్నాళ్లకు మా గల్లీలోంచే ఒక ఊరేగింపు వెళ్లింది. కొత్తవాడు గట్టిగానే ఊదుతున్నాడు గాని ఆగటం లేదు, పరుగెత్తుతున్నాడు. డోలువాడు వాడి వెంటపడి తడబడుతున్నాడు. అలవాటు కొద్దీ ఆ ఒకటి ఎక్కడ పడుతోందా అని వెతికాను. దొరికింది. చివరి వరసలో, గిలక్కాయల్లో. ఒక్క దెబ్బ అటూ ఇటూ కాకుండా పడుతోంది. డోలువాడు మాటిమాటికీ వెనక్కి తల తిప్పి దాన్నే అందుకుంటున్నాడు. మేళమంతా ఆ గిలక్కాయల మీదే నడుస్తోంది. గల్లీలో చూస్తున్నవాళ్లలో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

అన్న నా ముందుకొచ్చి నా వైపు చూశాడు. ఇనబడ్డదా అని అడిగినట్టే ఉంది. నేను వంగి సైకిల్ చైను సరిచేస్తున్నట్టు కూర్చున్నాను. మేళం మలుపు తిరిగేదాకా తలెత్తలేదు.

ఆ ఏడాదే గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ ఊరేగింపు రోజు నా సైకిల్ చైను బాగానే ఉంది.