పన్నెండు గంటల కూత

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం కంటే ఆలోచన దొరకడం తేలిక. నాకు రెండూ ఒకే నెలలో దొరికి, ఒకదాన్ని ఒకటి తినేశాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, జమ్మికుంటలోని ఒక పత్తి మిల్లులో నన్ను నెల రోజుల పరీక్ష మీద టైంకీపరుగా పెట్టుకున్నారు. పని ఒక్కటే: గడియారం చూసి, తాడు లాగి, బాయిలరు కూత వేయించడం. నెల సవ్యంగా గడిస్తే ఉద్యోగం ఖాయం. బాపు, అంటే మా నాన్న, అప్పటికే చుట్టాలందరికీ ఖాయమైందనే చెప్పేశాడు (ఆయనకు కాలంతో పేచీ ఉండేది కాదు).

నాకు ఉండేది. తత్వశాస్త్రం పుస్తకం ఒకటి చదివి, 'ఇప్పుడు' అనేది అసలెక్కడుందో పట్టుకోవాలని పూనుకున్నాను. ఆలోచన తట్టిన నిమిషాన్ని డైరీలో రాసేవాణ్ణి. రాస్తుండగానే ఆ నిమిషం పోయేది. పోయిందనేది ఇంకో ఆలోచన, దాన్నీ రాయాలి కదా! సరిగ్గా ముప్ఫయ్యో రోజు, మధ్యాహ్నం అన్నాల కూత కోసం తాడు చేత్తో పట్టుకుని, గడియారం ముళ్లు రెండూ కలవడం చూశాను. ఇది పన్నెండా, పన్నెండు అయిపోయిందా? తాడు వదిలి కలం తీశాను. తలెత్తేసరికి పన్నెండూ ఇరవై. గుమ్మంలో మేనేజరు.

"ఏమయ్యా, కూతేది? ఇరవై నిమిషాలు ఏం జేసినవ్?"

"ఆలోచించిన సార్."

"దేని గురించి?"

"ఇప్పుడు అంటే ఎప్పుడని..."

"గది మిల్లు టైంల ఆలోచిస్తవా? నీ ఇంట్ల ఆలోచించరాదు?"

నా మొహం చూసి, పత్తి ఏరే పెద్దవ్వ లోపలి నుంచి వచ్చి అడ్డం పడింది. "పోనియ్ సారూ, పిలగాన్ని ఏమనకు. నీ కూత లేకుంటే మాకు తెల్వదా? ఆకలి కాంగనే గంపలు దించి సద్ది ఇప్పినం. ఎవ్వలం ఉపాసం లేం."

మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "గట్లయితే కూతకు జీతమిచ్చి ఒక మనిషెందుకవ్వా?"

పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. (నా తరఫున అంత గట్టిగా వాదించినవాళ్లు మళ్లీ జీవితంలో దొరకలేదు.) మర్నాటి నుంచి ఆ తాడు వాచ్‌మన్ చేతికి పోయింది.

"నా నోరు పాడుగాను! జర ఇట్ల కూసో బిడ్డా" అని పెద్దవ్వ, మేనేజరు అటు పోగానే, తన జొన్నరొట్టె సగం తుంపి నా చేతిలో పెట్టింది.

"బాపుకు ఏం చెప్పాలె అవ్వా?"

"ముందుగాల తిను. ఆలోచన ఏడికి పోదు."

మెదడు గురించి చదువుకునే మా మనవడు మొన్న అన్నాడు, "జరిగింది మన ఎరుకలోకి వచ్చేసరికే కాస్త పాతబడుతుంది తాతా" అని. ఆ ముక్క ఆనాడే తెలిసి ఉంటే మేనేజరుకు విన్నవించేవాణ్ణి, ఉద్యోగం ఇంకొంచెం తొందరగా పోయేది. ఆనాటి డైరీ తీసి చూస్తే నవ్వొచ్చింది. పేజీ నిండా కాలతత్వం ఉంది. పెద్దవ్వ రొట్టె పెట్టిన సంగతి ఒక్క ముక్క లేదు. డైరీ రాసిన ఆ కుర్రవాడికి అది రాయదగిన విషయంగా తోచలేదు కాబోలు. ఇవాళ నేను రాస్తున్నాను.