నలభైకి దించనన్న బురుల్

కొడుకు కోసం చూసి చూసి, మూడోసారీ ఆడపిల్లే పుట్టేసరికి తండ్రి ఆ పిల్లకి బురుల్ అని పేరు పెట్టాడు. తిరుగు అని దాని అర్థం. ఇకనైనా వరస తిరిగి మగపిల్లాడు పుడతాడని ఆయన ఆశ. నాలుగోసారి కూడా ఆడపిల్లే పుట్టింది. ఈ కథ బురుల్ తనే నవ్వుతూ చెప్పుకునేది గాని, విన్నవాళ్ళెవరైనా అయ్యో పాపం అంటే మాత్రం మొహం మాడ్చుకుని లేచిపోయేది.

తోక్‌మోక్ ఊరి చివర, పాత కార్ల సంత పక్కన, ఇనుప కంటైనర్లు వరసగా నిలబెట్టి దుకాణాలు చేసుకున్నారు. టైర్లవాడు, బ్యాటరీలవాడు, అద్దాలవాడు, వాళ్ళ మధ్యలో కార్లకి స్పీకర్లు బిగించే ఎర్నిస్. అక్కడ వయసులో పెద్ద మగవాళ్ళెవర్నైనా బయ్కే అంటారు, అన్న అన్నట్టు; అతన్నీ అలాగే పిలిచేవారు. బురుల్ మొగుడు ఝెనిష్ తోక్‌మోక్‌కీ రాజధాని బిష్కెక్‌కీ మధ్య ప్రయాణికుల వ్యాను నడుపుతాడు. ఒకసారి ఆ వ్యానులో స్పీకర్ గరగరమంటే, బురుల్ తనే విప్పి, తెగిన తీగ అతికించి, అది సరిపోక ఇంకో ముక్క కొనుక్కోవడానికి ఎర్నిస్ దగ్గరికి వెళ్ళింది. ఆమె అడిగిన ప్రశ్నలు విని అతను పనిలోకి రమ్మన్నాడు.

అప్పట్నించీ ఆమె కంటైనర్ వెనక భాగంలోనే ఉండేది. కారు తెచ్చినవాళ్ళని ఎర్నిస్ ముందువైపు కూర్చోబెట్టి టీ పోసి, రొట్టె విరిచిపెట్టి, కబుర్లు చెప్పేవాడు. పని అయ్యాక తాళాలు తనే ఇచ్చి, తనే చేసినట్టు చెప్పుకునేవాడు. బురుల్ పట్టించుకోలేదు. పని దొరికింది, అది చాలనుకుంది.

ఆ పనిలో ఆమెకి అన్నిటికంటే ఇష్టమైంది క్రాసోవర్ సరిచేయడం. క్రాసోవర్ అంటే స్పీకర్ల మధ్య పాటని పంచిపెట్టడమే. డప్పు మోత డిక్కీలోని పెద్ద స్పీకర్‌కి, గొంతు తలుపుల్లోని స్పీకర్లకి, సన్నని గలగలలు అద్దం దగ్గరి బుల్లి స్పీకర్లకి. ఎవరి వాటా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో డిక్కీలో ఉండే యాంప్లిఫైయర్ మీద చిన్న నాబ్‌లు తిప్పి చెప్పాలి. బురుల్ ముందు మిగతావన్నీ ఆపేసి తలుపుల్ని మాత్రమే మోగించేది. మూడు తీగల కోముజ్ మీటుతూ ఒక ముసలావిడ పాడిన పాట ఆమె దగ్గర ఉండేది, అదే పెట్టేది. తలుపు మీద అరచెయ్యి ఆనించి శబ్దం పెంచుతూ, లోపలి స్పీకర్ కొట్టుకోవడం మొదలవగానే నాబ్ పైకి తిప్పేది. తొంభై హెర్ట్జ్ దగ్గరో వంద దగ్గరో, అంతకంటే లోతైన మోత తలుపుల్లోకి రాక, ఆ కొట్టుకోవడం ఆగిపోయేది. తర్వాత డిక్కీ. దాన్ని మరీ పైకి తెస్తే డప్పు వీపు వెనక నించి వినబడుతుంది. వెంట్రుకవాసి వెనక్కి తిప్పితే, ఉన్నట్టుండి ఆ డప్పు ముందు అద్దం దగ్గరికి వచ్చి ముసలావిడ పక్కన కూర్చుంటుంది. ఆ క్షణం కోసమే బురుల్ ఆ ఇనుప కంటైనర్ చలిలో పనిచేసేది.

అయితే ఆమె చేసిన కార్లు తిరిగి రావడం మొదలైంది. తలుపుల్లో స్పీకర్లు చిరిగిపోయి వచ్చేవి. ఎర్నిస్ కొత్తవి అమ్మి బిగించమనేవాడు. మొదట బురుల్ తన చెవినే అనుమానించింది. తర్వాత ఎందుకో మనసొప్పక, పని ముగించిన ప్రతి నాబ్ పక్కనా తన గోళ్ళ రంగుతో ఎర్రటి గీత ఒకటి గీయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తిరిగొచ్చిన మొదటి కారు డిక్కీ తెరిచి చూస్తే గీత తొంభై దగ్గర ఉంది, నాబ్ నలభై దగ్గర ఉంది.

ఎర్నిస్‌ని అడిగింది. అతనేమీ దాచలేదు. తాళాలిచ్చే ముందు తనే దించుతున్నానని, అలా దించితే డప్పు మోత కూడా తలుపుల్లోకే వచ్చి అవి దడదడలాడి కొనుక్కున్నవాడి మొహం వెలిగిపోతుందని, చిరిగితే మాత్రం ఏమైంది, మళ్ళీ మన దగ్గరికే వస్తారు కదా అని చెప్పాడు. ఇంకోసారి దించితే తను చేయనని బురుల్ అంది. అతను నవ్వేసి ఊరుకున్నాడు.

పెళ్ళి ఊరేగింపులకి తెల్ల జీపు అద్దెకిచ్చే సోవెత్‌బెక్ వచ్చింది ఆ తర్వాతే. ఊళ్ళో సగం మంది పెళ్ళికూతుళ్ళు ఆ జీపులోనే అత్తారింటికి వెళ్ళారు. బురుల్ దాన్ని శ్రద్ధగా చేసి గీతలు గీసింది. కొన్నాళ్ళకి ఒక శనివారం పొద్దున్నే సోవెత్‌బెక్ అరుచుకుంటూ వచ్చాడు. నిండు ఊరేగింపులో తలుపుల స్పీకర్లు పగిలి కాకుల్లా కూశాయట. పెళ్ళికూతురి వైపువాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారట.

టైర్లవాడూ అద్దాలవాడూ కూడా చూడ్డానికి వచ్చారు. ఎర్నిస్ టీ గిన్నె కింద పెట్టాడు.

"నేను కాదు బయ్కే. లోపల మా పిల్ల ఒకతి ఉంది, అది చేసింది. ఆడవాళ్ళ చేతికిస్తే ఇంతే మరి."

పని చేసేది బురుల్ అని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మనిషి, తప్పు మోపాల్సి వచ్చేసరికి చెప్పాడు. బురుల్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఎవరి వంకా చూడకుండా జీపు డిక్కీ తెరిచింది.

"ఇటు రండి బయ్కే. ఈ ఎర్ర గీత నా గోళ్ళ రంగు. గీత ఎక్కడుందో, నాబ్ ఎక్కడుందో మీరే చదవండి."

సోవెత్‌బెక్ కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. "గీత తొంభై. ఇది నలభై."

"గీత నాది. తిప్పిన చెయ్యి ఎవరిదో ఆయన్ని అడగండి."

ఎర్నిస్ మొహం ఎర్రబడింది. "నా దుకాణం, నా ఇష్టం, తిప్పుతాను. జనానికి మోత కావాలి. నువ్వు అన్నిటినీ జోలపాటకి సరిచేస్తావు. నచ్చకపోతే ఇంటికెళ్ళి వంటింట్లో మంతీలు వొత్తుకో."

"మంతీలు కూడా బాగానే చేస్తాను," అంది బురుల్. "నలభైకి మాత్రం దించను."

స్క్రూడ్రైవర్ తనదే. దాన్ని కోటు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ వరసలో ఖాళీ కంటైనర్లు ఉన్నా ఆమెకి ఎవరూ అద్దెకివ్వలేదు. దాంతో వ్యాన్లు ఆగేచోట, రోడ్డు పక్కనే మడత బల్ల వేసింది. మొదట వచ్చింది ఝెనిష్ తోటి డ్రైవర్లే. రోజంతా రేడియో వినే మనుషులు, తలనొప్పి తగ్గితే చాలన్నారు. వేళ్ళు కొంకర్లు పోతుంటే ఇంజిన్ మూత మీద కాచుకుంటూ పనిచేసింది. సంత మనుషులు జోలపాటల డాక్టరమ్మ అని పేరు పెట్టారు. అంతకంటే చెడ్డమాటలూ అన్నారు. మగాళ్ళ కార్లలో దూరుతోందన్న మాట రొట్టెల బజారులో ఆమె అత్తగారు ఉముత్ చెవిన పడింది.

ఉముత్‌కి కోడలి పని ఏనాడూ నచ్చలేదు. మర్నాడు మాత్రం తలకి తెల్ల గుడ్డ చుట్టుకుని, ఒక పీటా, గొర్రెబొచ్చు కంబళీ, ఫ్లాస్కూ తెచ్చుకుని ఆ బల్ల పక్కనే కూర్చుంది. కాసేపటికి సంత కాపలావాడు వచ్చాడు. ఇక్కడ దుకాణం పెట్టకూడదు, తీసేయమన్నాడు. పీట మీది ముసలావిడని చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఈ చలిలో మీరెందుకు ఇక్కడ?"

"నా కోడలికి కాపలా. నువ్వు ఎవరికి కాపలా, నాయనా?"

ఉముత్ టీ పోసి ఇచ్చింది. తాగి వెళ్ళాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చెడ్డమాటలన్నవాళ్ళు కూడా ఆవిడ ఉన్నంతసేపూ రోడ్డుకి అవతలి పక్క నించి నడిచేవారు. కోడల్ని ఆవిడ ఒక్కసారైనా మెచ్చుకోలేదు, కాని మంచు కరిగేదాకా ఆ పీట వదల్లేదు.

వసంతం వచ్చేసరికి నూడుల్స్ అమ్మే ఒక దుంగాన్ తెగ ముసలావిడ తన కొట్టు వెనకున్న షెడ్డు ఇచ్చింది. బురుల్ దాని మీద తన పేరు పెద్దక్షరాలతో రాయించింది. ఎర్నిస్ ఒకసారి వచ్చాడు. తిరిగి తన దుకాణానికొచ్చి ముందువైపే కూర్చోమన్నాడు, వచ్చినవాళ్ళకి ఆమె పేరు కూడా చెబుతానన్నాడు. నా పేరు చెప్పడానికి నాకు నోరుంది బయ్కే అని ఆమె టీ పోసి పంపించింది.

తర్వాత సోవెత్‌బెక్ వచ్చాడు. జీపు చేయమన్నాడు, కాని తలుపులు నలభైకే దించాలన్నాడు, చిరిగితే మళ్ళీ కొనుక్కుంటానన్నాడు. ఊరేగింపు చూసేవాళ్ళ గుండెలు అదరాలి. బురుల్ డిక్కీలోది ఎంతైనా పెంచుతానంది, తలుపులు మాత్రం కుదరదంది. డబ్బిచ్చేవాణ్ణి నేనా నువ్వా అని అతను గొంతు పెంచాడు. ఆమె తాళాలు అతని చేతిలో పెట్టింది. అతను విసురుగా బండెక్కి వెళ్ళిపోయాడు.

వారం తిరగకుండా మళ్ళీ వచ్చాడు, ఈసారి చిన్న నీలం కారులో.

"ఇది మా అమ్మాయిది. దీనికి నీ ఇష్టమొచ్చినట్టు పెట్టు. అది పాటలు వింటుంది."

"మీరు వినరా, బయ్కే?"

"నేను ఊరికి వినిపిస్తాను," అన్నాడు సోవెత్‌బెక్ దర్జాగా.

బురుల్‌కి నవ్వొచ్చింది. జీపు సంగతి అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. తాళాలు తీసుకుని, నీలం కారు షెడ్డులోకి తోలి, నాలుగు తలుపులూ మూసి కోముజ్ ముసలావిడ పాట పెట్టింది.