చివరి గడిలో పద్నాలుగు పేర్లు

పక్క క్వార్టర్‌లో ఎవరో కిటికీకి తడి గోనెపట్టా కట్టారు. బిలాస్‌పూర్ ఎండాకాలపు వడగాలి ఆ పట్టాను తాకి నా గదిలోకి వస్తోంది, తడిసిన జనపనార వాసనతో. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి లోపల పడుకున్నాడన్నమాట. ఈ వాసన తగిలితే నేను చేతిలో పని ఆపేస్తాను, గొంతు తగ్గించి మాట్లాడతాను. ఇంట్లో వాళ్లకిది నవ్వులాట. ఈ అలవాటు సూరన్న మేస్త్రీగారు పెట్టింది. ఆయన నాకు బంధువూ కాదు, గురువూ కాదు. పైగా ఓ ఏడాదిపాటు ఆయన మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

అప్పట్లో మా లైన్లకు ఒక కమిటీ ఉండేది. లైన్లంటే వరసగా కట్టిన రైల్వే క్వార్టర్లు. ఇంటికి ఒకటే గది, వెనక చిన్న వసారా. కుళాయి కావాలన్నా, మురుగుకాలువ బాగు చెయ్యాలన్నా, దీపస్తంభం వెయ్యాలన్నా ముందు ఆ కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. ఐదుగురు సభ్యులు ఆదివారం పొద్దున్న రైల్వేవాళ్ల క్లబ్బు లాంటి ఇన్‌స్టిట్యూట్ వరండాలో కూర్చుని అర్జీలు వినేవారు, ఆ చోటికి వెళ్లి చూసేవారు, చివరికి ఒక్కదాన్ని ఇంజనీరు ఆఫీసుకు పంపేవారు. ఏడాదికి ఒక్క పనే మంజూరయ్యేది. అందుకని ఒక లైనుకు కుళాయి వచ్చిందంటే ఇంకో లైనువాళ్లు మూతులు ముడుచుకునేవారు.

కమిటీ పెద్ద సూరన్న మేస్త్రీగారు. టెక్కలి వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి, రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో బాయిలర్ మేస్త్రీ అయ్యారు. ఎడమ చెవి వినపడదు. బాయిలర్ లోపల కూర్చుని ఏళ్లతరబడి సుత్తి దెబ్బలు విన్నవాళ్లందరిదీ అదే కథ. ఎవరైనా మాట్లాడుతుంటే కుడి చెవి వాళ్ల వైపు తిప్పి నేలకేసి చూస్తూ వినేవారు. కొత్తవాళ్లు అది పొగరనుకునేవారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆయనకు చదువు రాదు. నేను రైల్వే బడిలో తెలుగు తరగతికి పంతులమ్మగా చేరిన కొత్తలో, ఆదివారాలు వచ్చి అర్జీలు చదివి పెట్టమని కబురు చేశారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నలుగురిలో కూర్చుని గట్టిగా చదవడమంటే సరదా, వెళ్లాను.

ఆ కమిటీలో ఒక పద్ధతి ఉండేది. ఇంకెక్కడా నేను చూడలేదు. ప్రతి అర్జీ కింద గీత గీసి ఒక గడి వదలాలి. ఈ పని జరిగితే ఎవరికి ఇబ్బందో అందులో పేరుతో సహా రాయాలి. రాయాల్సింది అర్జీ పెట్టుకున్నవాళ్లే. ఆ గడి ఖాళీగా ఉంటే మేస్త్రీగారు అర్జీని వినేవారు కాదు. మొదటిసారి ఒక డ్రైవరు భార్య కుళాయిని తమ లైను ముందుకు జరపమని అడిగింది. ఇబ్బంది ఎవరికని ఆయన అడిగితే ఎవరికీ లేదంది. ఆయన లేచి ఆమె చేతికి నిండు బిందె ఇచ్చి, కుళాయి జరపాలన్న చోటి నుంచి చివరి క్వార్టర్ దాకా మొయ్యమన్నారు. చివరి క్వార్టర్‌లో ఉండేది గ్యాంగ్‌మన్ తల్లి పైడమ్మ, నడుం వంగిపోయిన మనిషి. డ్రైవరు భార్య బిందె దించి, ఆయాసం తీర్చుకుని, గడిలో పైడమ్మ పేరు రాయించింది. చివరికి రాజీ కుదిరింది. కుళాయి జరుగుతుంది, రోజుకో బిందె డ్రైవరు ఇంటివాళ్లు పైడమ్మకు మోసిపెడతారు. ఆ షరతు కూడా అర్జీలో రాశాం. సదరు బిందె మోయుట ఏ శాఖ బాధ్యత అని ఇంజనీరు ఆఫీసువారు ఎర్రసిరాతో ప్రశ్న వేసి పంపారు. మేస్త్రీగారికి చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వారు.

మూడో ఏడు నా అర్జీ వచ్చింది. నా తెలుగు తరగతికి గది లేదు. ఇన్‌స్టిట్యూట్ వెనక వసారాలో యాభైమంది పిల్లలు. చినుకు పడితే పలకలు నెత్తిన పెట్టుకుని గోడకు అతుక్కుపోయేవారు. ఆ ఎండాకాలం ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, వానలలోపు కప్పున్న గది రాకపోతే తెలుగు తరగతి ఎత్తేసి పిల్లలను హిందీ తరగతిలో కలుపుతామని రాసి వెళ్లిపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. షెడ్డు వైపు లైన్ల వెనక మూడు వేపచెట్లున్న ఖాళీ స్థలం ఒకటుంది. ఎండ చల్లబడ్డాక వరసగా నాలుగు సాయంత్రాలు వెళ్లి అడుగులతో కొలిచాను. నరమానవుడు కనబడలేదు. అక్కడ బడిగది కట్టమని రెండు పేజీల అర్జీ రాసి, కింది గడిలో గుండ్రటి అక్షరాలతో ‘ఎవరికీ ఇబ్బంది లేదు’ అని పెట్టాను.

ఆదివారం నా అర్జీ నేనే చదివాను. మేస్త్రీగారు నేలకేసి చూస్తూ విన్నారు. ఆయన మనవరాలు నా తరగతిలోనే ఉంది కనక ఇక అడ్డేమీ లేదనుకున్నాను.

“ఏ ఏళకి సూసినావు తల్లీ?” అన్నారు.

సాయంత్రాలని చెప్పాను.

“అచ్ఛా. రేపు మిట్టమద్దినేళ రా. మళ్లీ సూద్దుము.”

ఒంటిపూట బడులు కాబట్టి మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. మూడు చెట్ల కింద పద్నాలుగు మంది నిద్రపోతున్నారు. మొహాల మీద తడి గోనెలు, పక్కన నీళ్ల ముంతలు. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, షెడ్డు ఖలాసీలు. రాత్రంతా నిప్పు ముందు నిలబడి వచ్చినవాళ్లు. ఇళ్లలో ఒకే గది, అందులో అరడజను పిల్లలు, కాలిన కుంపటిలా ఉండే కప్పు. పగలు వాళ్లకు దొరికే నిద్ర ఆ నీడ కిందే. తిఫ్రా అనే పక్క ఊరి నుంచి నడిచి వచ్చే, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ మంగల్ కూడా అక్కడే, రెండు డ్యూటీల మధ్య ఇంటికి పోయి రాలేక. రైల్వే ఇంట్లో పుట్టి పెరిగిన నాకు, ఇక్కడ సగంమందికి పగలే రాత్రి అని తెలియకనా? తెలుసు. గది పిచ్చిలో పడి నాకు వీలైన వేళకే వెళ్లి చూసి, అదే లోకమనుకున్నాను. ఆ ముంతల మధ్య నిలబడి సిగ్గుపడ్డాను.

యాభైమంది పిల్లలు ఇక్కడ ఎక్కాలు అప్పజెబుతుంటే ఎవరికైనా కునుకు పడుతుందా? మేస్త్రీగారు నన్ను దూరంగా తీసుకెళ్లి, తగ్గించిన గొంతుతో చెప్పారు. “నా ఓటు నీకే తల్లీ. బడి గావాల. ఆ గడిలో మాత్రం నిజం రాయి.”

వాళ్లు లేచేదాకా కూర్చున్నాను. ఒక్కొక్కరినీ పేరడిగి రాసుకున్నాను. ఫైర్‌మన్ రామునాయుడు కళ్లు నులుముకుంటూ, “పేరెందుకమ్మా, రిపోర్టు రాస్తారేటి?” అన్నాడు. ఆయన కూతురు గౌరి నా తరగతిలో చురుకైన పిల్ల. బడి సంగతి చెప్పాను. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు.

“అయితే కట్టీయండమ్మా. మా గౌరి సదువుకుంటాది. నాను ఎక్కడో పడుకుంటాను.”

ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. పరిగెత్తినట్టు వెళ్లి మేస్త్రీగారికి చెప్పాను. ఆయన కుడి చెవి తిప్పి విన్నారు.

“ఎక్కడో అంటే ఎక్కడని అడిగినావా?”

అడగలేదు. ఆ వారమంతా నేనూ ఆయనా లైన్లన్నీ తిరిగి వెతికాం. ఇంకో నీడ లేదు, ఇంకో జాగా లేదు. ఉన్నవన్నీ పట్టాలు, బొగ్గు కుప్పలు. నేను పాత గీత కొట్టేసి పద్నాలుగు పేర్లు రాశాను. పదకొండోది రామునాయుడు. రాయకుండా ఉండవచ్చుననీ, ఆయన ఒప్పుకున్నాడు కదా అనీ చెయ్యి ఆగింది. అయినా రాశాను.

ఆదివారం ఆ గడి కూడా నేనే గట్టిగా చదివాను. ఒకటో పేరు, రెండో పేరు, మూడో పేరు. చెయ్యెత్తమన్నారు. మేస్త్రీగారు ముందుగా నాకోసం చెయ్యెత్తారు. మరొకరు ఎత్తారు. మిగతా ముగ్గురూ ఎత్తలేదు. వాళ్లలో ఇద్దరి ఇళ్లవాళ్లు ఆ చెట్ల కింద పడుకునేవాళ్లే. ఆ ఏడాది పని కింద మురుగుకాలువకు రాళ్లు పరిపించారు. వానలు పడగానే నా తరగతి ఎత్తేశారు. నన్ను హిందీ తరగతికి సహాయంగా వేశారు.

మేస్త్రీగారి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఓటు వేసి ఏం లాభం, ఓడించింది ఆయన గడే కదా! ఎదురుపడితే తల తిప్పుకునేదాన్ని. ఏడాది గడిచాక ఓ ఆదివారం ఆయన మనవరాలి చెయ్యి పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. అరుగు మీద దాన్ని కూర్చోబెట్టి, పలక పక్కన పెట్టి, డ్యూటీకి వెళ్లిపోయారు. తర్వాతి వారానికి అరుగు మీద తెలుగు నేర్చుకునేవాళ్లు నలుగురయ్యారు, ఆపైన ఏడుగురు. అంతకంటే పెరగలేదు. గౌరి రాలేదు. రామునాయుడికి అప్పటికే వేరే షెడ్డుకు బదిలీ అయింది.

మేస్త్రీగారు రిటైరై టెక్కలి వెళ్లి, అక్కడే పోయారని విన్నాను. ఆయన చేసింది సరైనదేనని ఒక్క రోజు కూడా నిశ్చింతగా అనుకోలేకపోయాను. తప్పని అనడానికీ నోరు రాదు. ఇప్పటికీ ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా, దీనివల్ల నలిగేదెవరని వెతుక్కుంటాను. ఎవరో కనబడతారు. ఒక్కోసారి ఆ పని మానేస్తాను, ఒక్కోసారి వాళ్ల పేరు రాసి మరీ చేస్తాను. రెండిట్లో ఏదైనా మనసు తేలికపడదు.

పోయిన నెల గౌరి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పెళ్లై, ఇద్దరు పిల్లలతో, భర్త ఉద్యోగం మీద మళ్లీ ఈ ఊరే చేరిందట. చేతిలో ఊరి నుంచి వచ్చిన ఉత్తరం. తండ్రి ఎవరిచేతనో రాయించి పంపాడు. “నాకు హిందీయే వస్తాది పంతులమ్మా. ఇది మీరు సదివి పెట్టాల” అంది. చదివాను. ఆరోగ్యం బాగుందనీ, చూపు తగ్గలేదనీ, జీడిమామిడి బాగా కాసిందనీ. గౌరి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ వింది.

“అన్నేళ్లు రేత్రి బండి మీద చేసినాడు గదా, డ్యూటీలో ఒక్కరోజు కునుకు తియ్యలేదంట మా నాన్న. ఇప్పటికీ సెప్పుకుంటాడు” అంది.

మళ్లీ చదవమంది, చదివాను. మూడోసారి అడిగినప్పుడు ఉత్తరం ఆమె ఒళ్లో పెట్టి, ఆమె చూపుడువేలు పట్టుకుని పై వరసలో రెండో మాట మీద ఉంచాను. అది ఆమె పేరు.