మోకాలి కోసం మోకాళ్ల మీద

మా కింది వాటాలో ఏడడుగుల మనిషి ఉండేవాడని నేను ఇప్పటికీ చెబుతుంటాను. ఏడు కాదు, ఆరడుగుల ఏడంగుళాలు. జెర్సీ సిటీలో మేమున్న ఆ పాత బిల్డింగ్ గుమ్మాలు పొట్టివి. అతను ఎవరింటికి వచ్చినా తల వంచుకునే రావాలి. అలా వచ్చేవాణ్ణి ఏడడుగులవాడు అనడం పెద్ద అబద్ధం కాదని నా వాదన. అతనికి నేను కోచింగ్ ఇచ్చానని కూడా చెప్పుకున్నాను. ఇచ్చింది కోచింగ్ కాదు, బంతి. వీధి చివరి పార్కులో అతను గురి తప్పినప్పుడల్లా దొర్లిపోయిన బంతిని వెతికి తెచ్చి చేతికి అందించేవాణ్ణి.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. అతను బాస్కెట్‌బాల్ ఆడి బతికేవాడు, కాని అమెరికాలో కాదు. ఇక్కడి పెద్ద టీములు అతన్ని తీసుకోలేదు. ప్రతి సెప్టెంబర్‌లోనూ యూరప్‌లో ఏదో ఒక ఊరికి వెళ్లి, వసంతం దాకా ఆడి తిరిగొచ్చేవాడు. అక్కడ టీముకు ఇద్దరు అమెరికన్లనే ఉంచుకోనిస్తారట. టీము గెలిస్తే ఊరు గెలిచినట్టు, ఓడితే ఆ ఇద్దరు ఓడినట్టు. వరసగా రెండు మూడు ఆటలు పోతే ఊరివాళ్లను ఎవరూ ఏమీ అనరు, అమెరికన్‌ను విమానం ఎక్కిస్తారు. ఏ కాంట్రాక్టూ ఏడాది దాటదు.

“నాది ఉద్యోగం కాదు. ప్రతి ఆగస్టులోనూ కొత్తగా రాయాల్సిన పరీక్ష” అనేవాడు మా మెట్ల మీద కూర్చుని.

గ్రీన్‌కార్డు కోసం చూస్తున్న రోజుల్లో నేనూ అలాగే పోస్ట్‌మన్ మొహం చూసేవాణ్ణి. అందుకే అతని భయం నాకు బాగానే అర్థమయ్యేది.

నేను చెబుతున్న వేసవికి అతనికి ముప్ఫై రెండు నిండాయి. ఆ ఏడాది ఆటలో కుడి మోకాలు మెలిపడింది. పాత క్లబ్ మళ్లీ పిలవలేదు. జూలై పోయింది, ఆగస్టు సగమైంది, ఫోన్ మోగలేదు. అతని భార్య బేకరీలో పనిచేసేది. వాళ్ల బాబాయి సిటీ బస్సుల డిపోలో ఉద్యోగం చూసి పెట్టాడు. నెలాఖరులోగా చేరకపోతే అదీ పోతుంది. చేరితే ఇక ఆట పోతుంది.

అప్పుడు ఒక్క ఫోన్ వచ్చింది. ఇటలీలో, దక్షిణాన సముద్రం పక్క ఊరి టీము కోచ్ ఆటగాళ్లను చూడటానికి న్యూయార్క్ వచ్చాడు. ఆదివారం పొద్దున మాన్‌హటన్‌లో ఒక జిమ్‌కు రమ్మన్నాడు.

“మంచి కబురే కదా, మరి ఆ మొహమేమిటి?” అన్నాను.

“తనతో డాక్టర్‌ను కూడా తెచ్చాడు మ్యాన్. వాళ్లు నా ఆటను చూడరు, నా మోకాలిని చూస్తారు.”

ముందు రోజు శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న మా కోస్తా క్రైస్తవ కుటుంబాలం నెలకొకరి ఇంట్లో చేరేవాళ్లం. పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత కోడికూర. కోడికూర వాసనకు కిందినుంచి అతను కూడా వచ్చేవాడు. మా ఆవిడ ఆ రోజు నోరు ఊరుకోక సంఘ పెద్దతో అంది, “అయ్యగారూ, ఈ బ్రదర్‌కి రేపు సెలెక్షన్. మోకాలు బాగాలేదు. కొంచెం ప్రేయర్‌లో పెట్టండి.”

సంఘ పెద్ద వృత్తికి ఇంజనీరు, ప్రార్థనకు మాత్రం టైం చూసుకునే అలవాటు లేనివాడు. “కొంచెమేంటి సిస్టర్! ఇది మామూలుగా కూర్చుని చేసే ప్రేయర్ కాదు. అందరం మోకరిద్దాం” అన్నాడు.

మాలో అది ఆచారం. చిన్న విన్నపాలకు కూర్చుని ప్రార్థిస్తాం, జబ్బుకూ ఆపదకూ మోకాళ్ల మీద ఉంటాం. గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా కార్పెట్ మీద మోకరించారు. అది పేరుకే కార్పెట్, కింద చెక్క నేల. అతను అటూ ఇటూ చూశాడు. సోఫా చెయ్యి పట్టుకుని మెల్లగా ఎడమ కాలు వంచాడు, తర్వాత కుడికాలు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడుగాని నా బుర్రకు తట్టలేదు, మేం చేస్తున్న పని ఏమిటో. ఈలోగా పెద్దాయన మొదలుపెట్టేశాడు. ఆయన ప్రార్థనకు అడ్డం వెళ్లిన మనిషి మా సంఘంలో అప్పటికింకా పుట్టలేదు.

నేను మోచేత్తో పొడిచి సోఫా చూపించాను. “లేచి కూర్చో” అన్నాను గుసగుసగా.

“వీళ్లంతా నా కోసం మోకాళ్ల మీద ఉంటే, నేను సోఫాలోనా?” అన్నాడు. అతని నుదుటి మీద చెమట పోసింది.

పెద్దాయన ఈ దేశ పాలకుల కోసం ప్రార్థించాడు. ఆంధ్రలో వానల కోసం ప్రార్థించాడు. వీసాలు రానివారి కోసం, ఇళ్లు కొంటున్నవారి కోసం ప్రార్థించాడు. ప్రతిసారీ ఇక మోకాలి దగ్గరికి వస్తాడనుకుంటాను, ఇంకొక కుటుంబం దగ్గరికి వెళతాడు. చివరికి మోకాలి దగ్గరికి వచ్చాక అందులోని ఒక్కొక్క నరాన్నీ ఎముకనూ విడివిడిగా దేవుడికి అప్పగించాడు. వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది. ఎవరూ కదలలేదు.

ఆమెన్ అన్నాక అందరూ లేచారు, అతను లేవలేదు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టాం. ప్యాంటు పైకి లాగితే మోకాలు పూరీలా పొంగి ఉంది. పెద్దాయన చెయ్యి వేసి చూశాడు.

“వేడి తెలుస్తోందా బ్రదర్?”

“తెలుస్తోంది సార్. చాలా వేడిగా ఉంది.”

“అదే! దేవుని హస్తం పనిచేస్తోంది.”

మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాగింది. “ఏమండీ, మోకాలు నొప్పి అన్న మనిషిని మోకాళ్ల మీదే నిలబెడతారా? ఒక కుర్చీ వెయ్యాలని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదా?”

“నీకు తోచిందా మరి?”

“నేను కళ్లు మూసుకున్నాను.”

బిల్డింగ్‌లో ఉన్న ఐసంతా ఆ మోకాలికే పోయింది. తెల్లారేసరికి కొంచెం తగ్గింది, కొంచెమే. నా కార్లో ముందు సీటు పూర్తిగా వెనక్కి తోసి అతన్ని కూర్చోబెట్టాను. నది కింది టన్నెల్ దాటాక, “కుంటుతున్నట్టు తెలుస్తోందా?” అని అడిగాడు. కారులో కూర్చున్న మనిషి కుంటడం నాకెలా తెలుస్తుంది? “అస్సలు తెలియడం లేదు” అన్నాను.

జిమ్‌లో అతనికన్నా పదేళ్లు చిన్నవాళ్లు గెంతుతున్నారు. కోచ్ పొట్టివాడు. డాక్టర్ సన్నగా, కళ్లద్దాలతో ఉన్నాడు. డాక్టర్ అతన్ని బల్ల మీద పడుకోబెట్టి బొటనవేలితో మోకాలు నొక్కి మొహం చిట్లించాడు.

“ఎప్పుడు వాచింది?”

“నిన్న సాయంత్రం.”

“ఏం చేస్తుంటే?”

“ప్రార్థన చేస్తుంటే.”

వాళ్లిద్దరూ తమ భాషలో ఏదో అనుకున్నారు. కోచ్ ఇంగ్లీషులోకి వచ్చి, “మెట్ల మీద పడ్డామన్నవాళ్లను చూశాను, కుక్క తరిమిందన్నవాణ్ణి చూశాను. ప్రార్థన ఇదే మొదటిసారి. పాత దెబ్బ తిరగబెట్టిందని చెప్పెయ్యి, గొడవ లేదు” అన్నాడు.

అతను నావైపు చెయ్యి చూపించాడు. “కాదు. ఆయన్ని అడగండి. అక్కడే ఉన్నాడు.”

“నువ్వెవరు? డాక్టర్‌వా?” అన్నాడు కోచ్.

మా బిల్డింగ్‌లో అందరూ నన్ను డాక్టర్ అనే పిలిచేవారు, నేను ఏనాడూ దిద్దలేదు. అవునన్న మాట నాలుక చివరికి వచ్చింది. కాని పక్కనున్న అసలు డాక్టర్ ఒక్క ప్రశ్న వేస్తే నాతోపాటు అతనూ మునుగుతాడు. “కాదు. ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడుగుతాను” అన్నాను.

“ఎంతసేపు ప్రార్థించారు?”

మామూలుగా అయితే రాత్రంతా అనేవాణ్ణి. “మా ఆవిడ పొయ్యి మీద పెట్టిన అన్నం మాడి బొగ్గయ్యేదాకా” అన్నాను. కోచ్ నమ్మినట్టు కనబడలేదు. వంగి నా ప్యాంటు రెండు కాళ్లూ పైకి మడిచాను. కార్పెట్ గీరుకుని నా మోకాళ్లు రెండూ ఎర్రగా కంది, చర్మం లేచి ఉన్నాయి. గెంతుతున్న కుర్రాళ్లు ఆగి చూశారు.

డాక్టర్ వంగి నా మోకాలు నొక్కాడు. నేను కెవ్వుమన్నాను. తర్వాత అతని దగ్గరికి వెళ్లి కాలు పట్టుకుని ముందుకు లాగాడు, పక్కకు తిప్పాడు, వెనక్కి నెట్టాడు. చాలాసేపు చూశాడు. అంతసేపూ అతను పైకప్పునే చూస్తూ పడుకున్నాడు.

“లోపల గట్టిగానే ఉంది. ఇది పైన పట్టిన నీరు” అన్నాడు చివరికి. “మా అమ్మకూ ఇలాగే వస్తుంది, ఈస్టర్ వారంలో.”

కోచ్ నవ్వలేదు. పరిగెత్తించకుండా నిలబడి బంతి వెయ్యమన్నాడు. అన్నీ బుట్టలో పడ్డాయని నేను చెబుతుంటాను. సగానికి కొంచెం ఎక్కువ పడ్డాయి. కోచ్ సిగరెట్ వెలిగించుకుని అన్నాడు, “క్రిస్మస్ దాకా తీసుకుంటాను. అప్పటికి మోకాలు నిలబడితే మిగతా సీజన్. లేకపోతే తిరుగు టికెట్.”

ఇంటికి వచ్చేసరికి అతని భార్య బేకరీ యూనిఫారంలోనే మెట్ల మీద నిలబడి ఉంది. అతను కారులోంచి కాళ్లు బయటపెట్టకముందే, “ఏమన్నారు?” అంది.

“తీసుకున్నారు. క్రిస్మస్ దాకా.”

“ఆ తర్వాత?”

అతను సీటులోనే కుడి మోకాలు తడుముకున్నాడు.

“డిపోలో బాబాయికి ఏం చెప్పను?” అంది.

“రావడం లేదని చెప్పు.”

ఆమె కాసేపు అతని కాలివైపే చూసి, పెట్టె సర్దాలంటూ లోపలికి వెళ్లింది. కిటికీలోంచి మళ్లీ ఆమె గొంతు వినిపించింది. “అక్కడ జనవరిలోగాని చలి పడదంటున్నావు కదా. మరి లావు కోటు పెట్టాలా, వద్దా?”

అతను కారు తలుపు పట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. కుడికాలి మీద బరువు మోపి చూసుకున్నాడు, తీశాడు, మళ్లీ మోపాడు.

“పెట్టు” అన్నాడు.