కొసరుగా ఇచ్చిన పాలిష్

మా నాన్నది కిరాణా దుకాణం, మేనమామది బట్టల దుకాణం. బేరం తెగకపోతే ధర దించకూడదని, కొసరు వేయాలని నడక రాకముందే నేర్చుకుని ఉంటాను. గుప్పెడు పుట్నాలు ఎక్కువ పోస్తే రేటు నిలబడుతుంది. ఆ తెలివి పట్టుకునే డెబ్బయిల చివర్లో దుబాయ్ వెళ్లాను. దుబాయ్ పక్కనే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో రాళ్లు కోసి నునుపు పట్టే వర్క్‌షాపు, అందులో ఆర్డర్లు రాసుకునే ఉద్యోగం.

ఒక ఎండాకాలం, ఇంగ్లీషువాళ్ల చర్చి ఫాదర్ పికప్ మీద ఒక రాతి తొట్టిని తెచ్చారు. పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే తొట్టి. వాళ్ల దేశంలో మూతపడ్డ ఏదో పల్లె చర్చి నుంచి ఓడలో వచ్చిందట. ఏడు వందల ఏళ్ల నాటిదని ఆయన అంటే తల ఊపాను గానీ, నా కంటికి అది గొడ్లకు కుడితి పోసే గోళెంలాగే ఉంది. ఒకే రాయిని తొలిచారు. బయటంతా ఏటవాలుగా ఉలిగాట్లు, అంచు మీద రెండు చోట్ల పెచ్చులు ఊడి ఉన్నాయి. దారిలో దాని పీట పగిలింది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే, ఆలోపల కొత్త పీట కావాలి.

నా రేటు విని ఫాదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. బేరంలో అది మంచి గుర్తు కాదు. వెంటనే కొసరు వేశాను.

"తొట్టికి పాలిష్ ఫ్రీ, ఫాదర్."

ఆయన నవ్వి, అవసరం లేదన్నారు. మా బజారులో అవసరం లేదంటే మొహమాటమని అర్థం. కాగితం మీద పీట అన్న మాట కింద పాలిష్ అని కూడా రాసేశాను.

పని చేయాల్సింది మా జిల్లా అన్న. నాకంటే పదేళ్లు పెద్ద, కార్మికుల క్యాంపులో నా గదే, దుకాణపోళ్ల పిల్లాణ్నని నన్ను సేటూ అని పిలిచేవాడు. అంతకు ముందొకసారి దుబాయ్ వచ్చి ఆరు నెలలకే వెనక్కి పంపిస్తే, ఊళ్లో మొహం చూపించలేక బొంబాయిలో రెండేళ్లు తలదాచుకున్నాడు. ఇంకోసారి పంపిస్తే బతకనని చెప్పేవాడు.

అన్నకు చదువు రాదు. నేను కాగితం చదివి వినిపించాక తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సేటూ, గీ గీతలు తియ్యాల్నా? పాతది గదా. ఒకపాలి ఫాదర్‌ను అడుగరాదు?"

"అడిగితే మల్ల రేటు తగ్గియ్యమంటడు. నువ్వు కానియ్యి అన్నా."

సాయంత్రం ఫాదర్ వచ్చేసరికి తొట్టికి ఒక పక్కన జానెడు మేర వాష్‌బేసిన్‌లా మెరుస్తోంది. ఆయన ఆ నునుపు మీద అరచేయి ఆనించి చూసి, బయటికి వెళ్లి పికప్‌లో కూర్చున్నారు. బండి స్టార్ట్ చేయలేదు.

విషయం తెలిసి ముదీర్, అంటే మా మేనేజర్, వచ్చాడు. అన్న చేతిలో మిషన్ చూసి, "ఖలాస్. కల్ టికెట్" అన్నాడు, పని అయిపోయింది, రేపే ఇంటికని. తర్వాత, చెయ్యమని ఎవరు చెప్పారని అడిగాడు. అన్న నా వైపు చూడకుండా మిషన్ వైరు చుట్టసాగాడు. బేరంలో నేనెప్పుడూ ముందు నోరు తెరవను. అప్పుడూ తెరవలేదు. కాగితాలు సర్దుకున్నాను.

ముదీర్ లోపలికి పోయాక పికప్ దగ్గరికి వెళ్లాను.

"ఆ మనిషిని ఇంటికి పంపిస్తున్నారు ఫాదర్. మీరొక్క మాట చెబితే ఆగుతుంది. పొరపాటు జరిగింది."

ఎవరి పొరపాటో చెప్పలేదు. ఆయనా అడగలేదు. అంచు మీది పెచ్చుల సంగతి మాత్రం చెప్పారు. పూర్వం తొట్టిలోని పవిత్రమైన నీళ్లను మంత్రాలకని ఎవరూ దొంగిలించకుండా మూతకు తాళం వేసేవారట. తర్వాతి వాళ్లెవరో ఆ తాళం కొక్కేలు పీకేస్తే పెచ్చులు ఊడాయట. ఇంకెవరో సున్నం కొట్టారట. "ఇప్పుడు ఇది" అని, బాగా అలసిపోయిన మనిషిలా బండి దిగారు. పాలిష్ ఆపాలని, మిగతా పని అదే మనిషి చేయాలని ముదీర్‌తో చెప్పారు. రేటు తగ్గించమని కూడా అనలేదు. అడిగిందంతా అడిగినట్టే ఇచ్చిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

క్యాంపు బస్సులో అన్న పక్కన కూర్చున్నాను.

"పనైతే నిలవడ్డది గదనే" అన్నాను.

"నిలవడ్డది" అన్నాడు. రెండు మలుపులు దాటాక మళ్లీ అన్నాడు. "ముదీర్ అడిగినప్పుడు నువ్వు కాయిదాలు సదురుకుంటున్నవ్."

గురువారం నలుగురం వెళ్లి చర్చిలో తొట్టిని నిలబెట్టాం. అన్న మెరిసే పక్కను గోడవైపు తిప్పి పెట్టాడు. ఫాదర్ చూసి, దాన్ని మళ్లీ మనుషులు వచ్చే వైపుకే తిప్పించారు. బరువుకు అందరం చెమటతో తడిసిపోయాం.

పాలిష్ చెయ్యమన్నది నేనేనని ముదీర్‌కు తర్వాత కూడా చెప్పలేదు. చెప్పాలనుకుని ఆఫీసు గుమ్మం దాకా వెళ్లిన రోజులున్నాయి. అన్న ఇంకో నాలుగేళ్లు పని చేశాడు, మేం ఒకే కుండలో అన్నం వండుకున్నాం. కొత్త ఆర్డరు వచ్చినప్పుడు మాత్రం, నేను కాగితం తీసి చదవబోతే, ఆయన మిషన్ పక్కన పెట్టి, ఎండలో నడుచుకుంటూ ముదీర్ దగ్గరికి వెళ్లి అడిగి వచ్చేవాడు.