మూడో నక్షత్రం కనబడని హెండెలత్త

హెండెలత్తకు మూడో నక్షత్రం కనబడదు. మొదటిది కనిపిస్తుంది, రెండోదీ కనిపిస్తుంది. మూడోది మాత్రం ఆకాశం నిండా చుక్కలు పరుచుకున్నా ఆవిడ కంటికి ఆనదు. శుక్రవారం పొద్దువాలగానే మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం, సబ్బాతు, శనివారం రాత్రి మూడు చుక్కలు పొడిస్తేగాని ముగియదు. ఇజ్రాయెల్‌లో సఫెద్ కొండమీది ఆ విడిదింట్లో పెద్దావిడైన అత్త చూసి ఒప్పుకుంటేగాని పొడిచినట్టు లెక్క కాదు. అందుకని అక్కడ శనివారం ఎప్పుడు అయిపోతుందో దేవుడికి కూడా తెలియదు.

నెలకోసారి పన్నెండు మంది అక్కడికి సబ్బాతు గడపడానికి వస్తారు. శుక్రవారం పొద్దువాలకముందే ఫోన్లన్నీ పిండిడబ్బాలో పడాలి. శనివారం మధ్యాహ్నం ఆలివ్ చెట్ల కింద గంటసేపు నోరుమూసుకుని కూర్చోవాలి. చీకటి పడుతుండగా సబ్బాతు చివరిదైన మూడో భోజనానికి చేరి, ఆ గంటలో మనసుకు దొరికిన సంతోషం ఒక్కటైనా పైకి చెప్పాలి. "సంతోషం రొట్టెపిండి లాంటిది. పిసక్కుండా పొంగమంటే పొంగదు" అంటుంది అత్త. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా చీకటి పడ్డాకే.

"అత్తా, అదిగో మూడోది!" అంటాడు బెన్నో. సబ్బాతు ముగియకుండా బస్సెక్కకూడదు గనుక పాపం అతనికి ఆఖరి బస్సు ఇప్పటికి మూడుసార్లు తప్పిపోయింది.

"అది విమానం."

"కదలటం లేదు కదత్తా!"

"అలిసిపోయిందేమో."

"పోనీ, అది?"

"అది రెండోదే. కాస్త జరిగి కూర్చుంది."

హైఫా పట్నంలో కళ్ళద్దాల దుకాణం నడిపే గవ్రియేల్‌కు ఇది తన వృత్తికే అవమానంగా తోచింది. రెండేళ్ళుగా ఓర్చుకున్నాడు. ఈసారి శుక్రవారం మధ్యాహ్నమే మూడు జతల అద్దాలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

అత్త కొత్తిమీర ఏరుతోంది. ఆకులో పురుగు పడితే ఆ ఇంట్లో వంట చెల్లదు. ఆవగింజలో పదోవంతు కూడా లేని పచ్చపురుగును గోటితో పైకి తీసి, "ఇదిగో ఒకటి. ఇది దాని పిల్ల" అంది.

గవ్రియేల్ తన అద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. అతనికి ఆకు తప్ప ఏమీ కనబడలేదు.

"ఏమత్తా! పురుగుపిల్లను చూసే కళ్ళకి చుక్క కనబడదా?"

"పురుగు దగ్గరుంది నాయనా. చుక్క దూరం."

"అందుకే ఇవి తెచ్చాను. రేపు సాయంత్రం పెట్టుకుంటానని మాటివ్వు."

"ఇచ్చాను పో. వచ్చినవాడివి ఎటూ వచ్చావు, ఆ జడరొట్టెలు అందుకో."

మర్నాడు మూడో భోజనంలో ఒక్కొక్కరే తమ సంతోషాలు చెప్పారు. యెకుతియేల్ వంతు వచ్చింది. ముప్పై ఏళ్ళు ప్రార్థనామందిరంలో పాట ఎత్తుకున్న మనిషి, భార్య రివా పోయిన నాలుగు నెలల నుంచీ కూనిరాగం కూడా తీయలేదు. ఇంతకుముందు మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ "నాకేం దొరకలేదు" అనే వెళ్ళాడు. ఈసారి "నాకూ..." అని ఆగిపోయాడు. అందరూ తలలు దించుకున్నారు.

వరండాలోంచి బెన్నో కేక పెట్టాడు. "అత్తా! మూడు! బస్సుకింకా ఇరవై నిమిషాలుంది!"

అత్త బయటికి వచ్చింది. ముక్కుమీద ఒక జత, నుదుటిమీద ఒక జత, మెడలో ఒక జత. మాటంటే మాటే. మెడ ఎత్తి చాలాసేపు చూసింది.

"అబ్బే, లేదు."

గవ్రియేల్ ఒళ్ళు మండిపోయింది. "సరిగ్గా చూడత్తా!" అంటూ పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది, ఆవిడ తల మాత్రమే ఆకాశం వైపు ఉందని. అద్దాల వెనక కళ్ళు కిటికీలోంచి యెకుతియేల్ వేళ్ళను చూస్తున్నాయి. ఆ వేళ్ళు బల్లమీద మెల్లగా తాళం వేస్తున్నాయి.

గవ్రియేల్‌కు రెండేళ్ళ కిందటి శనివారం గుర్తొచ్చింది. దుకాణం కాలి బూడిదైన నెలలో అతను మొదటిసారి ఇక్కడికి వచ్చాడు. ఆ సాయంత్రం మబ్బుతునక లేకపోయినా అత్త గంటంపావు సేపు చుక్క కనబడలేదంది. చివరికి బెన్నో ఉప్పుచేపతో ఏదో మొర పెట్టుకుంటుంటే తను పగలబడి నవ్వాడు. నవ్విన మరుక్షణమే అత్త "అదిగో మూడోది!" అంది. అది కాకతాళీయమని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"కళ్ళద్దాల డాక్టరుగారూ, మీరైనా చెప్పండి! మూడున్నాయా లేవా?" బెన్నో అతని చెయ్యి పట్టుకుని గుంజాడు.

గవ్రియేల్ తన కళ్ళద్దాలు తీసి జేబులో వేసుకున్నాడు. "అద్దాలు లేకుండా నాకేం కనిపిస్తుందయ్యా?"

అత్త అతని వైపు ఓరగా చూసింది. 

లోపల యెకుతియేల్ గొంతు సవరించుకున్నాడు. "మూడో భోజనంలో పాడే మాటల్లేని రాగం ఉంది కదా, మా రివా అందులో రెండో మలుపు దగ్గర ఎప్పుడూ తప్పేది. నలభై ఏళ్ళు దిద్దాను, ఒక్కనాడూ వినలేదు. ఇవాళ చెట్టు కింద నాకా తప్పే వినిపించింది. ఎంత బాగుందో!" అని నవ్వి, పాట ఎత్తుకున్నాడు. రెండో మలుపు దగ్గర కావాలనే తప్పాడు. కిటికీ అద్దాలు అదిరాయి. వరండాలో ఉన్నవాళ్ళూ లోపలికి పరుగెత్తారు. పన్నెండు మందీ బల్ల గుద్దుతూ అదే తప్పు పాడారు. అందరికంటే గట్టిగా గుద్దినవాడు బెన్నో. కొండ కింద ఆఖరి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. "మళ్ళీ మొదట్నుంచి!" అన్నాడు బెన్నో.

పాట అయ్యాక యెకుతియేల్ చెమట తుడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు. "మూడేమిటత్తా, మూడొందలున్నాయి!"

"నీకు కనబడ్డాయా? అయితే ఇక సరే" అని అత్త లోపలికి వెళ్ళి జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించింది. సబ్బాతును సాగనంపుతూ వాసన చూడడానికి గవ్రియేల్ సుగంధపు కొమ్మను ముక్కు దగ్గరికి తీసుకున్నాడు.

ఆ గుడ్డిదీపపు వెలుగులో, గది అవతలి చివర నుంచి, మూడు జతల అద్దాలూ పక్కన పెట్టేసిన హెండెలత్త కేక వేసింది.

"ఆగు నాయనా! మూడో ఆకు కింద పురుగుంది!"